సొమ్మొకడిది, సోకొకడిది: తోరణం కాకతీయులదే, మరి ఆ మాస్టర్ ఎవరిది?

నమస్కారం. మన ఓరుగల్లులో చిన్న నమూనాలు తయారు చేసే మిత్రుల మధ్య నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే కనుక దాన్ని రెండు మాటల్లో ముగిస్తాను. హన్మకొండ యువకుడొకడు కాకతీయ కళాతోరణం నమూనాను ప్లాస్టిక్ షీటుతో చేత్తో తయారు చేసి (అచ్చు తీయడానికి చేసే ఈ తొలి నమూనానే మాస్టర్ అంటారు), దానికి అచ్చు తీసి, అందులో రెజిన్ అనే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్ పోసి తీసిన బొమ్మలు, అంటే పోతలు, అమ్ముకుంటున్నాడు. ఒక జ్ఞాపికల వ్యాపారి అందులో ఒకటి కొని, దానికే మళ్లీ అచ్చు తీసి, సగం ధరకు అమ్ముతున్నాడు. ఇదేమిటని అడిగితే, నమూనా తానే చేశానని చెప్పి, "తోరణం నీ తాత కట్టించాడా?" అని ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నకు చప్పట్లు కొట్టినవారందరికీ నా సమాధానం ఒక్కటే. తోరణం కాకతీయులది, కనుక మనందరిదీ. ఆ మాస్టర్ మాత్రం ముమ్మాటికీ ఆ కుర్రవాడిది, దాన్ని ఎత్తుకుపోవడం దొంగతనమే.

ఓరుగల్లు కోటలో, శిథిలమైన స్వయంభూ ఆలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలబడిన ఆ తోరణాలను అరచేతి పరిమాణానికి దించడమంటే కొలతలను భాగించడమే కదా అని చాలామంది అనుకుంటున్నారు. కొలతలను ఉన్నవున్నట్టు తగ్గిస్తే, రాతి మీది పూలదండల చెక్కడం వెంట్రుక మందానికి వచ్చి, రంగుకు ముందు వేసే ప్రైమర్ ఒక్క పూత పడగానే కనుమరుగవుతుంది. ఏ గీతను కాస్త లోతు చేయాలి, ఏ చెక్కడాన్ని వదిలేయాలి, వందల ఏళ్ల ఎండవానలకు అరిగిన అంచును అరిగినట్టే చూపాలా అనే నిర్ణయాలన్నీ చేసేవాడివే. స్తంభాల కోసం ఒక మిల్లీమీటరు స్టైరీన్ ప్లాస్టిక్ షీట్లను ద్రావకంతో పొరలుగా అతికిస్తారు. ఆ ద్రావకం ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది కనుక, అది పూర్తిగా ఆరకముందే ఎమరీ కాగితంతో రుద్దితే, ఇవాళ నున్నగా కనిపించిన అతుకు కొన్నాళ్లకు సన్నటి గాడిలా కుంగిపోతుంది. పై దూలాన్ని బోలుగా కట్టి అన్ని వైపులా మూసేస్తే, లోపల చిక్కుకున్న ఆవిరి గోడలను మెత్తబరిచి వంచేస్తుంది. అందుకే కనబడని చోట చిన్న రంధ్రం వదిలి, ఆరిన తర్వాత పుట్టీతో పూడుస్తారు. ఇక కిందికి చూసే తామరమొగ్గలకు మొన ఉండాలి, అచ్చులోంచి తీసేటప్పుడు ఆ మొన విరగకూడదు, రెజిన్ పోసేటప్పుడు గాలి అక్కడే చిక్కుకోకూడదు. అచ్చు రెండు సగాలూ ఎక్కడ కలవాలో, గాలి ఏ దారిన బయటికి పోవాలో ముందే ఆలోచించి చేసినదాన్నే మాస్టర్ అంటారు. ఆ ఆలోచనలో వ్యాపారి వంతు ఎంత?

ఇప్పుడు తెర మీద రెండు పోతలనూ పక్కపక్కన చూడండి. కుర్రవాడి పోతలో, తోరణం పైనున్న హంసల్లో ఎడమ హంస మెడ మీద బ్లేడు జారిన సన్నటి గీత ఒకటి ఉంది. వ్యాపారి పోతలోనూ అదే హంస, అదే మెడ, అదే గీత! కాకతీయ శిల్పి ఉలి కూడా సరిగ్గా అక్కడే జారిందని మనం నమ్మాలా? మొగ్గల మొనలు చూడండి, గాలి చిక్కుకుని మొద్దుబారిపోయాయి. స్తంభాల మీద ఆవగింజల్లాంటి పొక్కులున్నాయి. అచ్చు రబ్బరును ఒత్తిడిలో పెట్టకుండా గట్టిపడనిచ్చి, రెజిన్‌ను మాత్రం ఒత్తిడిలో పోస్తే, రబ్బరులో మిగిలిన బుడగలు అణిగిపోయి, ఆ గుంటల్లో రెజిన్ నిండి ఇలాగే పొక్కులు లేస్తాయి.

అన్నిటికన్నా పెద్ద సాక్షి వెర్నియర్ కాలిపర్. టిన్ రకం సిలికాన్ రబ్బరు గట్టిపడుతూ కొంత కుంచించుకుపోతుంది, రెజిన్ కూడా కొంత కుంచించుకుపోతుంది. రెండూ కలిసి 100 మిల్లీమీటర్ల వస్తువులో ఒక్కో తరానికి, అంటే అచ్చు తీసి పోత పోసిన ప్రతిసారీ, అర మిల్లీమీటరు తగ్గడం మామూలే. పోతకు మళ్లీ అచ్చు తీస్తే ఆ తరుగు రెండోసారి పడుతుంది. అందుకే నేను ఘంటాపథంగా చెబుతున్నాను: నకలు ఎప్పుడూ అసలు కన్నా పొట్టిదే. ప్లాటినం రకం రబ్బరులో తరుగు బాగా తక్కువని మీలో కొందరు లేచి నిలబడతారని తెలుసు. సగం ధరకు అమ్మేవాడు అంత ఖరీదైన రబ్బరు కొంటాడా, మీరే చెప్పండి.

ఇక్కడ ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా అనే లోహపు పోత పనిని తలచుకోకుండా ఉండలేను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో మైనపు నమూనా ప్రతిసారీ కరిగిపోయి, దాని స్థానంలో కంచో ఇత్తడో నిండుతుంది. ప్రతి బొమ్మకూ మళ్లీ మైనం చుట్టాల్సిందే. రెజిన్ పనిలో మాస్టర్ మిగిలి ఉంటుంది. సిలికాన్ అచ్చు కొన్ని పదుల పోతలకే చిరిగిపోతుంది కనుక మాస్టరే అసలు ఆస్తి, దొంగల కన్ను కూడా దాని మీదే. మాస్టర్‌ను 3డి ప్రింటర్ మీద తీస్తే సరిపోయేదిగా అనేవారికి ఒక్క మాట: ఆ ఫైలు ఎవరు గీస్తారు, ఆ పొరల గీతలను ఎవరు రుద్దుతారు?

కుర్రవాడికి ఒక హెచ్చరిక కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయించదగినదాన్ని చేయించకుండా, దానితో తయారైన వస్తువును యజమానే పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే, ఆ డిజైన్ మీది కాపీరైట్ ముగిసిపోతుంది. శిల్పం వంటి కళాఖండానికి అది వర్తిస్తుందా లేదా అని వకీళ్లు వాదించుకుంటారు, కానీ 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు బజారులో పెట్టకముందే దరఖాస్తు చేయాలి. తమ్ముడూ, తర్వాతి నమూనా రామప్ప నంది అని విన్నాను. ముందు వకీలు దగ్గరికి వెళ్లు.

ఇక వ్యాపారి గారికి నా సవాలు. ఆ తోరణం నమూనా మీరే చేశామంటున్నారు కదా, అయితే మీ మాస్టర్‌ను కెమెరా ముందు పెట్టండి. అతుకులు, పుట్టీ మరకలు, కింద కనిపించే తెల్లటి స్టైరీన్, అన్నీ కనిపించాలి. పక్కన వెర్నియర్ పెట్టి కొలవండి. ఆ వీడియో పంపితే ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా ఇదే చానల్‌లో వేస్తాను.