చికిత్స తర్వాత మళ్లీ స్టీరింగ్ పట్టాను: జిమ్నీ ఆటోమేటిక్ రివ్యూ, అందులోనూ ముఖ్యంగా ఫోర్ ఎల్ గురించి

నమస్కారం. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ మన ముందున్న బండి మారుతీ సుజుకీ జిమ్నీ, ఐదు తలుపులది, ఆటోమేటిక్. ముందే చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. ఈ బండిని ఇక్కడి ఒక డీలరు రివ్యూ కోసం కొన్నాళ్లు నా దగ్గర ఉంచారు. పెట్రోలు నా సొంత ఖర్చుతో పోయించుకున్నాను. వారు నాకు డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమనీ అడగలేదు. బండి 2023 జూన్‌లోనే మార్కెట్లోకి వచ్చింది కాబట్టి ఇంజిన్ సామర్థ్యం, రంగులు, స్క్రీన్ సైజు వంటి వివరాలు మీరు ఈపాటికే చూసి ఉంటారు. వాటిని నేను మళ్లీ చదవను. నేను మాట్లాడదలచుకున్నది ప్రధానంగా గేరు రాడ్డును ఆనుకొని ఉన్న ఆ రెండో చిన్న రాడ్డు గురించి, దానితో వేసే ఫోర్ ఎల్ గురించి, అంటే నాలుగు చక్రాలకూ బలం అందిస్తూ బండిని మెల్లగా నడిపే లో రేంజ్ గురించి.

దానికి ముందు నా ఆరోగ్యం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ రివ్యూ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. నాకు పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది, ఆ తర్వాత కీమోథెరపీ జరిగింది. కీమోలో ఇచ్చిన మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఒకటి. ఈ మందు ఎక్కించుకున్నవారికి దాని ప్రభావం గురించి నేను వివరించనక్కర లేదు. మందు ఎక్కిన తర్వాత కొన్ని రోజుల పాటు చల్లని వస్తువేది ముట్టుకున్నా వేళ్లలో సూదులు గుచ్చినట్లుంటుంది, చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్లవుతుంది. కోర్సు ముందుకు సాగేకొద్దీ అరికాళ్లకూ వేళ్ల కొసలకూ తిమ్మిరి పేరుకుంటుంది. చికిత్స ఆగిన తర్వాత కూడా ఈ తిమ్మిరి కొన్ని నెలల పాటు పెరిగి, ఆ తర్వాతే నెమ్మదిగా తగ్గడం మొదలుపెట్టవచ్చు. కొందరిలో అది పూర్తిగా పోదు. నాకు చాలావరకు తగ్గింది కానీ అరికాళ్లలో కొంత మిగిలే ఉంది.

చికిత్స పూర్తి చేసుకున్న ప్రేక్షకులు కొందరు, మళ్లీ బండి నడపవచ్చా, గుట్టలకూ వాగులకూ వెళ్లవచ్చా అని నన్ను అడుగుతున్నారు. దీనికి మొదటి జవాబు మీ డాక్టరు ఇవ్వాలి. పాదంలో స్పర్శ తగ్గినప్పుడు బ్రేకు మీద కాలుందా, యాక్సిలరేటర్ మీద ఉందా అన్నది కళ్లతో చూస్తే తప్ప తెలియని స్థితి రావచ్చు. ఆ స్థితిలో రోడ్డెక్కడం మనకే కాదు, ఎదుటివారికీ ప్రమాదం. నేను డాక్టరు సరేనన్న తర్వాతే, అదీ మా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకొని, ఖాళీ మైదానంలో మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ రాడ్డు దగ్గరికి వద్దాం. ఫోర్ బై ఫోర్ బండ్లలో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందగల బండ్లలో, గేరుబాక్సు తర్వాత ట్రాన్స్‌ఫర్ కేస్ అనే మరో పెట్టె ఉంటుంది. ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పని దానిది. అందులోనే లో రేంజ్ అనే మరో పళ్లచక్రాల జత ఉంటుంది. దాన్ని వేస్తే చక్రాల వేగం తగ్గి, ఆ మేరకు లాగే బలం పెరుగుతుంది. జిమ్నీలో ఈ పెంపు సుమారు రెండింతలు. బండిని పూర్తిగా ఆపి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, ఆ చిన్న రాడ్డును కిందికి నొక్కి ఫోర్ ఎల్‌లోకి లాగాలి. ఆఫ్ రోడింగ్ వీడియోలలో దీన్ని ఎప్పుడూ బలం కోణం నుంచే చెబుతారు. ఎంత ఏటవాలు ఎక్కింది, ఎంత బురదలోంచి బయటపడింది అని లెక్క చూస్తారు. నేను కూడా జబ్బుకు ముందు అలాగే మాట్లాడేవాణ్ణి. స్పర్శ తగ్గిన పాదంతో నడిపినప్పుడు మాత్రం దీని విలువ వేరే కోణంలో తెలిసింది.

మామూలు గేర్లలో పాదం అర అంగుళం ఎక్కువ నొక్కుకుంటే బండి ముందుకు దూకుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారి అరికాలు పెడల్ ఎంత కిందికి పోయిందో ప్రతి క్షణం కొలుస్తూ ఉంటుంది, కాబట్టి ఆ దూకుడును వారు ముందే ఆపుకుంటారు. తిమ్మిరెక్కిన పాదం ఆ కొలత సరిగా ఇవ్వదు. ఫోర్ ఎల్‌లో అదే అర అంగుళానికి బండి వేగం మనిషి నడక నుంచి కొంచెం చురుకైన నడకకు మారుతుంది, అంతే. అంటే పాదం కదలికలో ఎంత మోటుతనం ఉన్నా చక్రాల దగ్గరికి వచ్చేసరికి అది పలచబడిపోతుంది. పైగా ఆటోమేటిక్ కావడం వల్ల పెడల్ తొక్కకపోయినా బండి తనంతట తాను మెల్లగా పాకుతుంది. చదునైన చోట బ్రేకు పెడల్ ఒక్కదానితోనే దారి దాటవచ్చు. రాళ్ల మీద, ఒర్రెల్లో, నేను ఇంత నిశ్చింతగా నడపగలనని చికిత్స సమయంలో అనుకోనే లేదు. ఈ బండిని నేను ప్రేమించడానికి ఇదొక్కటే చాలు.

ఆ రాడ్డు అమరిక గురించి కూడా చెప్పాలి. చిన్న మీటలూ సన్నని నాబ్‌లూ తిప్పాలంటే వేళ్ల కొసల్లో పట్టు కావాలి. రాడ్డుకు ఆ అవసరం లేదు. దాన్ని అరచేతిలోకి తీసుకొని, మణికట్టు బలంతో నొక్కి లాగవచ్చు. పడాల్సిన చోట పడగానే ఆ తాకిడి మోచేతి దాకా తెలుస్తుంది. మా పెదనాన్న గారికి నర్సంపేటలో పాత మహీంద్రా జీపు ఉండేది. దాని ఫోర్ వీల్ రాడ్డు వేయాలంటే రెండు చేతుల బలం పెట్టవలసి వచ్చేది. నేను బండి నేర్చుకున్నది దాని మీదే. ఆ తర్వాత మారుతీ వారి పాత ఫోర్ బై ఫోర్ బండి జిప్సీ ఒకటి చాలా ఏళ్లు వాడాను. 1985లో మొదలైన జిప్సీ తయారీని 2019లో ఆపేసినప్పుడు నిజంగా బాధపడ్డాను. జిమ్నీ రాడ్డు ఆ రెండింటికంటే ఎంతో తేలిక, అయినా అదే నమ్మకాన్నిస్తుంది.

బండిని పరీక్షించడానికి రేగొండ వైపు, పాండవుల గుట్టలకు దూరంగా, చెలకల మధ్య ఉన్న ఎడ్లబండ్ల బాట ఎంచుకున్నాను. గుట్టల మీద ఆదిమానవుల కాలపు చిత్రాలున్నాయి కాబట్టి అక్కడికి చక్రాలు తీసుకుపోకూడదు. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లోనూ అనుమతి లేకుండా దారి తప్పి బండి నడపవద్దని ప్రతిసారీ చెబుతున్నాను, ఇప్పుడూ చెబుతున్నాను. అది అభయారణ్యం. మేము వెళ్లిన బాటలో ముందురోజు వాన పడింది. ఒకచోట ఎర్రమట్టి అయిపోయి నల్లరేగడి మొదలవుతుంది. అక్కడ గొర్లు కాస్తున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, "బిడ్డా, నిన్న గీడ ట్రాక్టరే దిగబడ్డది, నీ బండి ఏం పోతది, మర్రిపోండ్రి" అన్నారు. నేను దిగి చూశాను. గట్టు పక్కన గడ్డి మొలిచిన అంచు ఒకటి నిలదొక్కుకొని ఉంది. ఫోర్ ఎల్ వేసి, ఎడమ చక్రాలు ఆ అంచు మీద, కుడి చక్రాలు బురదలో ఉండేలా మెల్లగా వెళ్లాము. కుడివైపు చక్రాలు ఒట్టిగా తిరగడం మొదలైనప్పుడు బండి వాటికి తానే బ్రేకు వేసి బలాన్ని ఎడమ చక్రాలకు మళ్లించింది. ఫోర్స్ గుర్ఖా అనే మరో ఆఫ్ రోడ్ బండిలో ఈ పనికి యంత్రపు లాకులుంటాయి, అవి ఇంతకంటే గట్టివి. అయితే సుమారు 1200 కిలోల తేలికైన బండి కాబట్టి జిమ్నీకి ఈ ఏర్పాటే సరిపోయింది. అవతలి ఒడ్డుకు చేరాక పెద్దాయన "పోయింది పో" అని నవ్వుకుంటూ గొర్ల వెంట వెళ్లారు.

అదే రోజు టైర్లలో గాలి తగ్గించవలసి వచ్చింది. మెత్తని నేల మీద గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకొని పట్టు పెరుగుతుందని మీకు తెలుసు. ఆ పనిలో నాకు అన్నిటికంటే కష్టమైనది వాల్వు మూత తీయడం. శనగగింజంత మూతను వేళ్ల కొసలతో తిప్పాలి. నా వేళ్లకు అది తిరుగుతోందో జారుతోందో తెలియదు. చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడూ ఇదే ఇబ్బంది. ఇప్పుడు వాల్వులకు పొడవాటి, గరుకైన మూతలు పెట్టించుకున్నాను, పట్టుకోవడానికి చిన్న రబ్బరు ముక్క కూడా వెంట ఉంచుకుంటున్నాను. చేతుల్లో తిమ్మిరి ఉన్నవారు ఈ రెండూ చేసుకోండి, పెద్ద ఖర్చు కాదు.

స్టెప్నీ సంగతి కూడా దీనికి సంబంధించినదే. జిమ్నీ టైరు 195/80 ఆర్15, సన్నగా ఉంటుంది (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు). మహీంద్రా థార్‌లో పై వేరియంట్లకు 255/65 ఆర్18 వస్తుంది. కడుపు కోసి కుట్టిన మనిషికి బరువులెత్తే విషయంలో ఈ తేడా చాలా పెద్దది. థార్ రాజసం నాకూ ఇష్టమే, 650 మిల్లీమీటర్ల నీటి లోతును దాటగలదని కంపెనీ చెప్పే ఆ సామర్థ్యమూ గొప్పదే. కానీ నిర్మానుష్యమైన చోట పంక్చరైతే నేను ఒంటరిగా మార్చుకోగల చక్రం జిమ్నీదే. నీటి విషయం వచ్చింది కాబట్టి మరో మాట. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం పడింది. మోరంచపల్లి ఊరే మునిగిపోయింది. మన వాగులు అలా వస్తాయి. ఏ బండికైనా కంపెనీ రాసిన అంకెను చూసుకొని పారే వాగులో దిగవద్దు.

ఇబ్బందుల్లో మొదటిది కుదుపు. జిమ్నీకి ముందూ వెనకా కూడా ఒకే కడ్డీలా ఉండే రిజిడ్ యాక్సిల్ ఉంటుంది. ఒక చక్రం రాయి ఎక్కితే రెండో చక్రం కిందికి ఒత్తుకొని పట్టు నిలుపుకుంటుంది, ఆఫ్ రోడ్‌కు అది వరం. దాని ఫలితంగా మనిషి మాత్రం అటూ ఇటూ ఊగుతాడు. ఆపరేషన్ గాటు ఉన్న కడుపుకు ఆ ఊపు బాగా తెలుస్తుంది. గాటు పూర్తిగా మానకముందు, హెర్నియా భయం ఉన్న రోజుల్లో ఈ దారుల జోలికి పోకూడదు. నేను ఇప్పటికీ మధ్య మధ్య ఆపి, దిగి, కాసేపు నడుస్తాను. చికిత్స తర్వాతి అలసట నిద్రతో పూర్తిగా తీరేది కాదు, అందుకే వెలుతురు ఉండగానే తారు రోడ్డెక్కేలా చూసుకుంటాను.

రెండోది సీటు బెల్టు, ఇది ఒక్క జిమ్నీ విషయం కాదు. కీమో కోసం చాలామందికి కుడివైపు కాలర్ ఎముక కింద, చర్మం లోపల పోర్టు, అంటే మందు ఎక్కించడానికి వాడే చిన్న పరికరం, అమరుస్తారు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి బెల్టు సరిగ్గా ఆ పోర్టు మీది నుంచే దిగుతుంది. గతుకుల్లో అది ఒరుసుకుంటుంటే ప్రాణం మీదికి వచ్చినట్లుంటుంది. అలాగని బెల్టు తీసేయకండి, వదులు చేసే క్లిప్పులూ పెట్టకండి. మెత్తని నూలు తువ్వాలును మడిచి పోర్టుకూ బెల్టుకూ మధ్య ఉంచుకోండి. నేను పోర్టు తీయించుకున్న తర్వాత కూడా ఆ మచ్చ మీద కొంతకాలం తువ్వాలు పెట్టుకునే నడిపాను. బండ్లు తయారు చేసే ఇంజనీర్లు ఈ విషయం ఒక్కసారి ఆలోచిస్తే ఎంతోమందికి మేలు జరుగుతుంది.

హైవే గురించి క్లుప్తంగా చెబుతాను. గేర్లు నాలుగే. ములుగు దాటి ఏటూరునాగారం వైపు 163వ జాతీయ రహదారి మీద ఇసుక లారీని దాటాలంటే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, ముందు ఖాళీ కూడా ఎక్కువ చూసుకోవాలి. హైదరాబాదుకు తరచూ తిరిగేవారికి ఇది నచ్చదు. నాకు మూడు నుంచి ఆరు నెలలకోసారి, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్షలకు, డాక్టరు చెప్పినప్పుడు స్కానుకు హైదరాబాదు ప్రయాణం తప్పదు. ఆ ప్రయాణాల్లో పరీక్ష ఫలితం ఏమొస్తుందోనన్న ఆలోచనే మనసంతా నిండి ఉంటుంది కాబట్టి వేగం మీద నాకు యావ లేదు. వెనక సీట్లో మా ఆవిడ సౌకర్యంగానే కూర్చుంది. నలుగురి సామాను మాత్రం పట్టదు.

గేర్ల సంఖ్య చూసి, ఈ ధరకు ఇంతేనా అని ఈ బండిని పక్కన పెట్టేసేవారితో నేను వాదించను. నాకు ఇది కావాలి, నా డబ్బుతో ఆటోమేటిక్‌నే కొంటాను. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చెప్పేది ఎడమ అరికాలే, నా అరికాలు ఆ సంగతి ఇంకా స్పష్టంగా చెప్పడం లేదు, అందుకని మాన్యువల్ నాకు కుదరదు. మీ పాదాలు బాగుంటే మాన్యువల్ తీసుకోండి, హైవే మీద అది హాయిగా ఉంటుంది.

మీరు షోరూముకు వెళ్తే ఒక పని చేయండి. టెస్ట్ డ్రైవ్ అనగానే మిమ్మల్ని తారు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుతారు. దానికి ఒప్పుకోకండి. దగ్గర్లో మట్టి నేల ఎక్కడుందో అడిగి అక్కడికి తీసుకెళ్లమనండి, ఎందుకంటే ఫోర్ ఎల్‌ను ఎండిన తారు రోడ్డు మీద వేయకూడదు. అక్కడ ఆ రాడ్డు మీ చేత్తోనే వేయించుకొని, పెడల్ మీది నుంచి కాలు పూర్తిగా తీసి, బండి తనంతట తాను ఒక చిన్న గట్టు ఎక్కే దాకా కూర్చోండి. చికిత్స తర్వాత మళ్లీ నడపాలనుకునేవారు ఆ నేల మీద నడిపి చూసిన తర్వాతే అడ్వాన్సు కట్టండి.