పైకి వెళ్లే మెట్లు

శ్రోతలకు నమస్కారం.

మన దేశంలో ఫుట్‌బాల్ లీగ్ అనగానే ఈ తరానికి ఐఎస్‌ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, గుర్తొస్తుంది. నిజానికి దేశమంతటికీ ఒక లీగ్ 1996లోనే మొదలైంది. దాని పేరు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్. తొలి విజేత కలకత్తా జట్టు కాదు, పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ. ఒక బట్టల మిల్లు నడిపిన జట్టు అది. బైచుంగ్ భూటియా అప్పుడు అందులోనే ఆడేవాడు. 2011లో యాజమాన్యం ఆ జట్టును మూసేసింది. 2006లో ఛాంపియన్ అయిన మహీంద్రా యునైటెడ్ అంతకు ఏడాది ముందే మూతపడింది. కంపెనీ వద్దనుకుంటే ఛాంపియన్‌కైనా దిక్కు లేకపోవడం మన లీగ్‌కు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

2007లో ఈ లీగ్ స్థానంలో ఐ-లీగ్ వచ్చింది. మొదటి ఆరు టైటిళ్లూ గోవా జట్లకే దక్కాయి. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైంది. డబ్బు, టీవీ, విదేశీ ఆటగాళ్లు అటు చేరారు. రాబోయే రోజుల్లో ఐ-లీగ్‌కు విలువ ఉండదని 2016లో గోవా క్లబ్బులు తప్పుకున్నాయి.

ఆ ఖాళీ వల్లే కింది డివిజన్‌కు పడిపోయిన మిజోరం జట్టు ఐజ్వాల్‌కు మళ్లీ చోటు దొరికింది. పెద్ద బడ్జెట్ లేదు, పేరున్న స్టార్లు లేరు. కోచ్ ఖాలిద్ జమీల్. 2017 ఏప్రిల్ 30న, ఆఖరి మ్యాచ్‌లో, షిల్లాంగ్ లాజోంగ్ మీద డ్రా చేసుకుంటే చాలు. ముందు గోల్ పడింది షిల్లాంగ్‌కే. ఐజ్వాల్ అభిమానులకు ఎంత టెన్షనో ఊహించండి! రెండో సగంలో గోల్ కొట్టి 1-1తో ముగించారు. మోహన్ బగాన్ కంటే ఒక్క పాయింట్ ఎక్కువతో ఛాంపియన్! ఈశాన్య రాష్ట్రాల నుంచి దేశ లీగ్ గెలిచిన మొదటి జట్టు అదే. మన లీగ్ చరిత్రలో ఇంతకంటే గొప్ప సీజన్ లేదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఆ గెలుపు వాళ్లను ఐఎస్‌ఎల్‌కు చేర్చలేదు. అప్పటికి అలాంటి దారే లేదు.

ఆ దారి 2023లో తెరుచుకుంది. ఐ-లీగ్ గెలిచిన పంజాబ్ జట్టు పైకి వచ్చింది, మరుసటి ఏడాది మహమ్మదన్ స్పోర్టింగ్ వచ్చింది. కిందికి దిగే నిబంధన మాత్రం అప్పటికి అమలు కాలేదు. 2022లో పెనాల్టీల మీద కేరళను ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచిన మన హైదరాబాద్, రెండేళ్లకే పట్టికలో అట్టడుగున నిలిచింది. అయినా అదే లీగ్‌లో కొనసాగింది. హైదరాబాద్ అభిమానిగా ఊపిరి పీల్చుకున్నాను కానీ, ఐజ్వాల్‌ను తలచుకుంటే అది న్యాయమని మాత్రం అనలేను.