సీలియాక్ టెస్ట్ నెగెటివ్ వచ్చిందా? టోటల్ ఐజీఏ కూడా చూశారా? | యూకే తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? లెస్టర్‌లో పొద్దుట్నుంచీ ఒకటే వాన, అందుకే ఈరోజు వంటింట్లోనే షూటింగ్. మా పాపకి సీలియాక్ అనగానే తెలిసినవాళ్లంతా "అదేంటి, బ్లడ్ టెస్ట్ నెగెటివ్ అన్నారుగా?" అంటున్నారు. అది చెబుతాను, ఈలోపు పప్పు ఉడుకుతుంది.

సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై తింటే, వాటిలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల ఒంట్లోని రక్షణ వ్యవస్థ చిన్నపేగు పొరనే దెబ్బతీస్తుంది. పాపకి పొట్ట ఉబ్బరం, నీరసం, ఎన్ని ఐరన్ మందులు వాడినా రక్తం పట్టేది కాదు. మామూలుగా చేసే టీటీజీ టెస్ట్ ఐజీఏ అనే యాంటీబాడీని వెతుకుతుంది. పాప ఒంట్లో ఆ ఐజీఏనే దాదాపు తయారవదు. ఇక నెగెటివ్ రాక ఏం వస్తుంది చెప్పండి! పైగా ఐజీఏ లోపం ఉన్నవాళ్లలో సీలియాక్ మామూలు వాళ్లలో కంటే ఎక్కువ. ఇక్కడ డాక్టర్లకి వైద్య సూచనలిచ్చే నైస్ అనే సంస్థ గైడ్‌లైన్ టీటీజీతో పాటు టోటల్ ఐజీఏ, అంటే ఒంట్లో మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడమనే చెబుతుంది. మాకు మొదటిసారి అది చూడలేదు. తర్వాత చూశాక ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీని వెతికే టెస్ట్, ఎండోస్కోపీలో బయాప్సీ (చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూడటం) చేసి తేల్చారు.

సీవీఐడీ, అంటే ఒంట్లో యాంటీబాడీలు సరిగా తయారవని జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా కష్టం. వాళ్లకి ఐజీజీ కూడా తక్కువే కాబట్టి ఆ టెస్టునీ నమ్మలేం. బయాప్సీతో పాటు డీక్యూ2, డీక్యూ8 జీన్ టెస్ట్ సాయపడుతుంది. ఆ రెండు జీన్లూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే.

ఇదిగో, ఈ ఇంగువ డబ్బా దగ్గరగా చూడండి. వెనకాల పదార్థాల్లో గోధుమపిండి అని లావు అక్షరాల్లో ఉంది కదా? అన్నం, పప్పు, ఇడ్లీ, పెసరట్టు తింటున్నాం, ఇంకేం భయం అనుకుంటాం, కానీ పోపులో చిటికెడు ఇంగువతో గ్లూటెన్ వచ్చేస్తుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, మేమిప్పుడు అదే వాడుతున్నాం. హార్లిక్స్ కూడా మానేశాం, అందులో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. బయట గారెలు కూడా పూరీలు వేయించిన నూనెలోనే వేస్తే తినకూడదు.

తోబుట్టువులకీ టెస్ట్ చేయించాలి అన్నారు, బాబుకి అపాయింట్‌మెంట్ వచ్చింది. టెస్టుకి ముందు కనీసం ఆరు వారాలు రోజూ ఒక పూట కంటే ఎక్కువే గ్లూటెన్ తినాలి, మానేస్తే రిజల్ట్ తప్పు రావచ్చు. అందుకే వాడి చపాతీలకి వేరే పెనం, వేరే పీట పెట్టాను. టోటల్ ఐజీఏ కూడా రాశారా లేదా అని ఫామ్‌లో చూసుకున్నాను, రాశారు.