ఎనభై నిమిషాల ప్రయాణానికి నాలుగున్నర గంటల బిల్లా?

నమస్కారం. మొన్న రాత్రి మా మిత్రుడొకడు వాట్సాప్‌లో ఒక బిల్లు ఫొటో పంపాడు. కింద మాటల్లేవు, నాలుగు ప్రశ్నార్థకాలు పెట్టాడంతే. ఏదో విందుకని డ్రైవరుతో సహా ఒక పెద్ద కారు, అదే లిమోజిన్, ముద్దుగా లిమో, అద్దెకు తీసుకున్నాడు. పోవడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై నిమిషాలు. బిల్లేమో నాలుగున్నర గంటలకు వేశారు. కాసేపటికి ఫోన్ చేసి, "ఇది దోపిడీ కాకపోతే ఏమిట్రా?" అన్నాడు.

ఈ మాట ఇప్పటికి ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఈ వ్యాపారంలో మోసగాళ్లు లేరని నేను అనను. కానీ ఈ బిల్లులో మోసం లేదు. మావాడు టాక్సీ లెక్క మనసులో పెట్టుకుని లిమో బిల్లు చదివాడు, గొడవంతా అక్కడే వచ్చింది.

చేదబావి తెలుసుగా. చేద ఖాళీగా దిగుతుంది, నిండుగా పైకొస్తుంది. నీళ్లు దక్కేది పైకొచ్చేటప్పుడే అయినా తాడు రెండుసార్లూ కదలాలి, గిలక రెండుసార్లూ తిరగాలి. నీళ్లు తోడిపెట్టిన మనిషితో "చేద దిగిన దానికి కూలి ఇవ్వను, పైకొచ్చిన దానికే ఇస్తాను" అంటే ఊరుకుంటాడా? ఈ చేదను కాస్త గుర్తు పెట్టుకోండి, వీడియో అంతా దీన్నే లాగుతాను.

[స్క్రీన్ మీద బిల్లు, దగ్గరగా]

ఇదిగో మావాడి బిల్లు. పై వరుస చూడండి. గ్యారేజీ నుంచి బయల్దేరింది సాయంత్రం 5:30. మావాడింటికి దారి ఇరవై నిమిషాలు. డ్రైవరు 5:50కి వచ్చి గేటు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాడు. డ్రైవరు పది, పదిహేను నిమిషాలు ముందే రావడం ఈ పనిలో మామూలే, ఆ మర్యాద కోసమేగా మనం ఇంత పెట్టేది. 6:00కి మావాడు ఎక్కాడు, 6:40కి దిగాడు. రెండు గంటలు విందు. ఆ రెండు గంటలూ బండి బయటే ఉంది. 8:40కి మళ్లీ ఎక్కి 9:20కి ఇంట్లో పడ్డాడు. బండి గ్యారేజీ చేరింది 9:40కి.

మొత్తం నాలుగు గంటల పది నిమిషాలు. చాలామంది అరగంట చొప్పున పైకి సర్దుతారు కాబట్టి అది నాలుగున్నర అయింది. మావాడు సీట్లో కూర్చున్నది అందులో ఎనభై నిమిషాలు. ఖాళీ చేద దిగిందీ, తిరిగి గూటికి చేరిందీ, మధ్యలో బావిలో వేలాడిందీ మిగతా సమయం. దీన్నే ఆ పనిలో ఉన్నవాళ్లు గ్యారేజ్ టు గ్యారేజ్ అంటారు.

టాక్సీకి ఇది ఎందుకు ఉండదని అడుగుతారు. టాక్సీ మిమ్మల్ని దింపి వీధి మలుపు తిరిగేలోపు ఇంకొకరిని ఎక్కించుకుంటుంది. దానికి ఖాళీ తాడు తక్కువ. మావాడి కారు ఆ సాయంత్రమంతా మావాడిదే. అతను లోపల భోంచేస్తుంటే బయట అది ఇంకొకరికి పనికిరాదు. డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు, బండి వాయిదా మాత్రం నడుస్తూనే ఉంటాయి.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఇలాంటి కారు డ్రైవరును పిలిచే షోఫర్ అన్న ఫ్రెంచి మాటకు అసలు అర్థం బండి నడిపేవాడని కాదు, వేడి చేసేవాడని. ఆవిరి యంత్రాల రోజుల్లో కొలిమికి నిప్పు పెట్టి ఆవిరి సిద్ధం చేసే మనిషికి ఆ పేరు. అయ్యగారు తీరిగ్గా వచ్చి కూర్చునేసరికే అతని పని మొదలై చాలాసేపు అయ్యుండేది. అంటే మీరు ఎక్కకముందు సమయానికి డబ్బులేమిటన్న ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉంది. లిమోజిన్ అన్న పేరు కూడా ఫ్రాన్సులోని లిమూజాన్ అనే ప్రాంతం నుంచి వచ్చిందే. ఆ కథలోకి పోతే ఇప్పట్లో బయటికి రాను.

సరే, డబ్బు. గంటకు 100 అనుకుందాం. వంద ఏమిటని అడగకండి, మీరు ఎక్కడ ఉంటే అక్కడి డబ్బు. నాలుగున్నర గంటలకు 450. దాని మీద సర్వీస్ ఛార్జి 20 శాతం, అంటే 90. ఇంధనం సర్‌ఛార్జి 5 శాతం, ఇరవై రెండున్నర. పార్కింగు, టోలు కలిపి 20. మొత్తం 582.50. ఆ పైన పన్ను వేరు. మావాడు బుక్ చేసేటప్పుడు మనసులో వేసుకున్న లెక్క మాత్రం "గంటన్నర, నూట యాభై". దాదాపు నాలుగింతలు. గుండె ఆగకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడే మావాడు ఇంకో మాట అన్నాడు. "ముందే నలుగురిని అడిగి, అందరికంటే చవకైన వాణ్ణే పట్టుకున్నానురా. ఇంకొకడు గంటకు 130 చెప్పాడు." నాకు నవ్వొచ్చింది. ఆ 130 వాడు ఎప్పటి నుంచి లెక్కపెడతాడో అడిగావా అన్నాను. అడగలేదు. నేను అడిగాను. కస్టమరు ఎక్కే సమయం నుంచి ఆఖరున దిగేదాకానే వాళ్ల లెక్క. అంటే 6:00 నుంచి 9:20, అరగంటకు సర్దితే మూడున్నర గంటలు.

[స్క్రీన్ మీద రెండు లెక్కలు పక్కపక్కన]

100 వాడిది నాలుగున్నర గంటలు, 450. 130 వాడిది మూడున్నర గంటలు, 455. తేడా ఐదు! ఒకడు తాడు రాకపోకలను విడిగా చూపిస్తాడు, ఇంకొకడు నీళ్ల ధరలో కలిపేస్తాడు. గ్యారేజీ ఇంకొంచెం దూరంగా ఉండి బిల్లు ఐదు గంటలు అయిందంటే "చవక" వాడే ఖరీదైపోతాడు. అందుకే గంట రేటు పక్కన గంట రేటు పెట్టి పోల్చడం శుద్ధ దండగ. "నా ప్రయాణం ఇది, ఇన్నింటికి ఎక్కుతాను, ఇన్నింటికి దిగుతాను, అన్నీ కలిపి ఆఖరున ఎంత?" అని అడిగి, వచ్చిన జవాబును మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. గంటల లెక్కా, ట్రిప్పు లెక్కా? ట్రిప్పు అంటే ఇక్కడ ఎక్కించుకుని అక్కడ దింపి వెళ్లిపోవడం. దీనికి ఒకే ధర చెప్పేస్తారు. మిమ్మల్ని దింపాక ఆ బండి ఇంకొకరి దగ్గరికి పోవచ్చు కాబట్టి ఖాళీ తాడు ఖర్చు ఇద్దరి మధ్య పంచుకున్నట్టవుతుంది. మావాడి దారికి ఒక్కో ట్రిప్పు అన్నీ కలిపి 170 అనుకోండి, రెండు వైపులా 340. అతను కట్టింది 582.50. రెండు గంటలు చేదను బావిలో వేలాడదీసి కబుర్లు చెప్పిన ఖరీదు అది.

అలాగని ట్రిప్పే ఎప్పుడూ నయం అనుకోవద్దు. అదే దారిలో పదిహేను, ఇరవై నిమిషాల పని చూసుకుని తిరిగొచ్చేస్తే గంటల లెక్కలో రెండున్నర గంటల బిల్లు పడుతుంది. పై ఛార్జీలన్నీ కలిపితే 332.50, 340 కంటే తక్కువే. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది, కనీస గంటలు. గంటల లెక్కన తీసుకుంటే రెండో మూడో గంటలకు తగ్గించరు. కనీసం మూడు గంటలన్నారంటే ఈ 332.50 కాస్తా 395 అయి, మళ్లీ ట్రిప్పే నయమవుతుంది. నాలుగుచోట్ల ఆగాలి, ఎప్పుడు తేలుతుందో తెలియదు అన్నప్పుడు మాత్రం కళ్లు మూసుకుని గంటల లెక్క తీసుకోండి.

పొడవాటి లిమోకి కనీస గంటలు ఇంకా ఎక్కువ చెబుతారు, శని ఆదివారాల్లో మరీను. కారణం ఆ బండిలోనే ఉంది. మామూలు కారును నడుమకు అడ్డంగా కోసి, మధ్యలో కొత్త ముక్క అతుకుతారు. పది అడుగులదాకా పెంచడం మామూలే. అలాంటి బండి వారం మధ్యలో ఎవరికి కావాలి? నాలుగైదు రోజులు షెడ్డులో పడుకుని రెండు రాత్రుల్లో వారమంతటి ఖర్చూ సంపాదించాలి. నన్నడిగితే ఇద్దరు మనుషులకు అంత బండి అనవసరం, గంగాళం దింపి చెంబెడు నీళ్లు తోడుకున్నట్టుంటుంది. పదిమంది ఉంటే సరే. లేదంటే మంచి సెడానుకు వెళ్లండి. ఒకప్పుడు పొడవాటి లిమోలుగా బాగా కనిపించిన అమెరికా కారు లింకన్ టౌన్ కారు తయారీనే 2011లో ఆపేశారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

టిప్పు. బిల్లులో ఆ 20 శాతం ఉంది చూశారా, దాన్ని చూసి డ్రైవరుకు ఇచ్చేశామనుకుంటారు. సర్వీస్ ఛార్జి అంటే డ్రైవరు చేతికి చేరినట్టు కాదు. కంపెనీ తప్పనిసరిగా వేసేది టిప్పు కాదు, సర్వీస్ ఛార్జేనని అమెరికా పన్నుల శాఖ 2012లో విడమరిచి మరీ చెప్పింది. "ఇది మీకు వస్తుందా?" అని డ్రైవరునే అడగండి, తప్పేం లేదు.

ఎయిర్‌పోర్టు. ఉచితంగా ఎంతసేపు ఆగుతారో, ఆ లెక్క విమానం దిగాల్సిన టైము నుంచా, నిజంగా దిగిన టైము నుంచా అన్నది అడగండి. విమానం రెండు గంటలు ఆలస్యమైనప్పుడు ఈ ఒక్క ప్రశ్న విలువ తెలుస్తుంది. పేరు రాసిన బోర్డుతో లోపలికి వచ్చి నిలబడాలంటే దానికి విడిగా వేస్తారు. బయట కలుస్తానంటే ఆ డబ్బు మిగులుతుంది.

క్యాన్సిల్ చేస్తే ఎన్ని గంటల ముందు చెప్పాలి, అర్ధరాత్రి దాటితే అదనమా, లోపల ఏమైనా ఒలికితే శుభ్రం చేసినందుకు ఎంత... ఇవన్నీ షరతుల కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. చదవండి.

ఒక్కదాని దగ్గర మాత్రం తొందరపడను. మిగతా అందరికంటే మరీ తక్కువ చెప్పినవాణ్ణి పర్మిట్టు, ఇన్సూరెన్సు కాగితం చూపించమనండి. న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహారీ దగ్గర 2018 అక్టోబరు 6న ఒక పొడవాటి లిమో ప్రమాదంలో ఇరవై మంది చనిపోయారు. ప్రయాణికులు పదిహేడు మంది, డ్రైవరు, రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దరు. అంతకు నెల ముందే తనిఖీలో తప్పి, రోడ్డెక్కకూడదని చెప్పిన బండి అది. అలాంటి బండి నడపడానికి కావలసిన లైసెన్సు ఆ డ్రైవరుకు లేదు. తాడు తెగేలా ఉందో లేదో చూడకుండా చేద దింపకండి.

అన్నట్టు, మావాడు బిల్లు కట్టేశాడు. వచ్చే నెల ఇంకో విందు ఉందట. నా మాట విని ఈసారి రెండు విడి ట్రిప్పులు బుక్ చేశానని గొప్పగా చెప్పాడు. తిరుగు ట్రిప్పు ఎన్నింటికి పెట్టావురా అంటే, "విందు ఎప్పుడు అయిపోతుందో నాకేం తెలుసు, కాస్త ఆగమంటాలే" అన్నాడు.