పాత మౌంటెన్ బైక్ కొంటున్నారా? సీటు కదులుతుందో లేదో ముందు చూసుకోండి (ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: బే ఏరియా తెలుగు శ్రోతలకు నమస్కారం. ఈ వారం మన విషయం పాత మౌంటెన్ బైకులు. వాటిని బాగుచేసే మెకానిక్ గారు స్టూడియోలోనే ఉన్నారు. సార్, కొత్తవి ఇన్ని దొరుకుతుంటే ఈ పాతవాటి మీద మోజేంటండీ?

మెకానిక్: ఈ బండి పుట్టిందే మన పక్కన కదండీ. గోల్డెన్ గేట్ వంతెన దాటితే మరిన్ కౌంటీ. 70లలో అక్కడి కుర్రాళ్లు లావు టైర్ల పాత ష్విన్ కంపెనీ సైకిళ్లు ఏరుకొచ్చి వాటి మీద కొండ దిగేవాళ్లు. ఫెయిర్‌ఫ్యాక్స్ దగ్గర రీప్యాక్ అని ఒక దారి ఉంది. రెండు మైళ్లలో దాదాపు 1,300 అడుగులు దిగుతుంది. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు అవి. కిందికి వచ్చేసరికి చక్రం మధ్యలోని హబ్‌లో గ్రీజు మాడి పొగలొచ్చేవి. మళ్లీ గ్రీజు కూరుకుని పైకి. 1976 అక్టోబర్‌లో అక్కడ మొదటి పందెం పెట్టారు. మరుసటేడు వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ అచ్చంగా ఈ పని కోసమే ఫ్రేమ్ కట్టాడు. ఆ కాలపు బండిని ఆ కొండల్లోనే మనం ఇవాళ తొక్కొచ్చు. ఇంకేం కావాలి?

వ్యాఖ్యాత: మొదటి కాలర్, ఫ్రీమాంట్ నుంచి. చెప్పండి.

కాలర్: హలో, వినపడుతోందా? నమస్కారం సార్. మాది తెనాలి దగ్గర. చిన్నప్పుడు కాలేజీకి సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి. మా నాన్నగారిది అట్లాస్, డైనమో లైటు కూడా ఉండేది, రాత్రిపూట...

మెకానిక్: ప్రశ్న చెప్పండి.

కాలర్: అదే వస్తున్నా సార్. మా వీధిలో గరాజ్ సేల్ పెడితే ఒక సైకిల్ తెచ్చా. స్టంప్‌జంపర్ అని రాసుంది. 60 డాలర్లు. మా ఆవిడ ఈ తుక్కు ఎందుకంటుంది. మా అల్లుడేమో వేలల్లో పలుకుతుందంటాడు. ఎంతొస్తుందంటారు?

మెకానిక్: స్టంప్‌జంపర్ అంటే స్పెషలైజ్డ్ కంపెనీ మౌంటెన్ బైక్. 1981లో మొదలైంది, ఇప్పటికీ వస్తోంది. ఏ ఏడాదిదో తెలియకుండా ఏం చెప్పను? వెనక గేర్లు ఎన్ని?

కాలర్: ఒక్క నిమిషం, గరాజ్‌లోనే ఉన్నా... ఆరు సార్. గేర్లు మార్చే పుల్లలు హ్యాండిల్ మీద ఉన్నాయి, బొటనవేలితో నొక్కాలి.

మెకానిక్: వెనక బ్రేకు ఎక్కడుంది? సీటు కిందా, పెడళ్ల వెనక అడుగునా?

కాలర్: అడుగున సార్. మట్టి పట్టిపోయింది.

మెకానిక్: పడుతుంది మరి. 80ల మధ్యలో వచ్చిన ఫ్యాషన్ అది. బురదంతా నేరుగా అక్కడికే చేరుతుంది. నాలుగైదేళ్లలో మానేశారు. మీది 86, 87 ప్రాంతం అయ్యుండొచ్చు. వేలు పలికేవి మొదటి బ్యాచ్‌లవి. మీది అమ్ముకునేది కాదు, తొక్కుకునేది. ఆ గేరు పుల్లలో క్లిక్కులు ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఆపేస్తే ఏ కంపెనీ చక్రం వేసినా గేర్లు పడతాయి. అందుకే నాకు పాతవంటే ఇష్టం. నాలుగు పానాలు చాలు, మొత్తం విప్పి బిగించొచ్చు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పాత అల్యూమినియం హ్యాండిల్‌ని నమ్మొద్దు. ఇనుమైతే వంగుతుంది. అల్యూమినియం చెప్పకుండా విరుగుతుంది.

కాలర్: సరే సార్. సీటు ఎత్తుదామంటే కదలట్లేదు. సుత్తితో కూడా కొట్టా.

మెకానిక్: ముందు సుత్తి కింద పెట్టండి. ఫ్రేము స్టీలు, లోపలి సీటు పైపు అల్యూమినియం. మధ్యలో చెమ్మ చేరి ఏళ్లు గడిస్తే రెండూ కరుచుకుంటాయి. సీటు బోల్టు తీసేయండి. పైపు చుట్టూ అతుకులు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత సైకిల్‌ని తలకిందులు చేసి, పైపు తలను వైస్‌లో బిగించి, ఫ్రేముని చేతులతో అటూ ఇటూ తిప్పండి. పైకి లాగొద్దు, తిప్పాలి. ఐసు పెట్టినా మంచిదే, అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది.

కాలర్: వచ్చాక కొత్తది ఏదైనా వేసేయొచ్చా?

మెకానిక్: ఏదైనా వద్దు! ఈ పైపులు 26.4, 26.6, 26.8 అని 0.2 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి. పాతదాని మీద అంకె చెక్కి ఉంటుంది, అదే కొనండి. వేసే ముందు గ్రీజు రాయండి. ఇంతకుముందు వాడినవాళ్లు రాయకపోబట్టే మీకీ తిప్పలు.

కాలర్: అర్థమైంది. అయితే సార్, ఇంచుమించు ఎంత రావచ్చు?

మెకానిక్: (నవ్వుతూ) చెప్పాను కదండీ! అమ్మకండి. హ్యాండిల్ మార్చి తొక్కండి. మీ ఆవిడకి నేను చెప్పానని చెప్పండి.

కాలర్: ఆవిడ మీ మాట వింటుందంటారా...

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో మరో కాలర్.

కాలర్: అన్నా, పాత ఎంటీబీకి, అదే మౌంటెన్ బైక్‌కి, 26 అంగుళాల టైరు తెచ్చిన. రిమ్ముకి పడ్తలేదు.

మెకానిక్: టైరు పక్కన మూడంకెల నంబరు చూడు. ఎంటీబీకి 559 ఉండాలి.

కాలర్: దీని మీద 590 ఉంది.

మెకానిక్: అది 26 ఇంటూ ఒకటీ మూడు బై ఎనిమిది, మామూలు సైకిల్‌ది. వాపస్ ఇచ్చేయ్.

వ్యాఖ్యాత: సన్నీవేల్ నుంచి ఎవరో ఉన్నారు.

కాలర్: నమస్తే అండీ. నాది 90లలోది, ముందు చక్రానికి కుదుపులు తగ్గించే షాక్ ఫోర్కు ఉంది. నొక్కితే కర్రలా ఉంది.

మెకానిక్: ఆ కాలపు ఫోర్కుల్లో చాలావాటికి లోపల స్ప్రింగు బదులు ఎలాస్టోమర్ అని రబ్బరులాంటి ముక్కలు పెట్టేవాళ్లమ్మా. కొన్ని గట్టిపడతాయి, కొన్ని బంకైపోతాయి. విప్పితే జిగురు కారుతుంది, పాత బట్ట పరుచుకుని విప్పండి. ముక్కలు దొరక్కపోతే మామూలు స్టీలు ఫోర్కు వేసుకోండి. బరువు కూడా తగ్గుతుంది.

కాలర్: దాంతో మరిన్‌లోని టామ్ కొండకి, అదే మౌంట్ టామల్పైస్‌కి, వెళ్లొచ్చా? మా ఫ్రెండ్స్‌వి అన్నీ డిస్క్ బ్రేకులు.

మెకానిక్: ఫైర్ రోడ్ల మీద, అంటే ఫైరింజన్ల కోసం వేసిన వెడల్పాటి మట్టి దారుల మీద, నిక్షేపంగా వెళ్లండి. గంటకు 15 మైళ్లు దాటకూడదని అక్కడ రూలుంది. కొత్త బండి మీద ఆ దారి చప్పగా ఉంటుంది. మీ దాని మీద ప్రతి రాయీ చేతికి తెలుస్తుంది, ఎక్కడ తిప్పాలో ముందే చూసుకోవాలి. మజా అదే. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయండి, పాతవి గాజులా గట్టిపడి జారతాయి. ఇంకా, హ్యాండిల్...

కాలర్: మార్చేస్తానండీ!

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. లైన్లో ఉన్నవాళ్లు ఏమీ అనుకోవద్దు. వచ్చే శనివారం పెరటి కూరగాయల గురించి మాట్లాడుకుందాం. థాంక్యూ సార్.

మెకానిక్: నమస్కారం.