చెప్పులో రాయికి లాటిన్ పేరు

అందరికీ నమస్కారం. ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. అది లాటిన్ మాట, 'స్క్రూపులుస్'. పలకడానికి నోరు తిరగదు గానీ అర్థం మాత్రం మన కాలికి బాగా తెలుసు. 'స్క్రూపుస్' అంటే మొనదేలిన రాయి. 'స్క్రూపులుస్' దాని పిల్ల. వేమన 'చెప్పులోన రాయి' అన్నాడే, అదే అనుకోండి. పక్కన నడిచేవాడికి కనబడదు, అడుగు వేసినవాడినే పొడుస్తుంది.

మనసును గుచ్చే సందేహానికీ రోమన్లు ఈ మాటే వాడారు. క్రీ.పూ. 166 నాటి రోమన్ నాటకకర్త టెరెన్స్ నాటకంలో ఒక తండ్రికి తప్పిపోయిన కూతురి ఆచూకీ దొరుకుతుంది. అంతా కలిసింది గానీ పేరు కలవలేదు. 'ఇంకొక్క స్క్రూపులుస్ మిగిలింది' అంటాడు.

నాకు ఇష్టమైన కథ మాత్రం రోమన్ వక్త సిసిరోది. క్రీ.పూ. 80లో ఆయన 26 ఏళ్ల కుర్ర వకీలు. తండ్రిని చంపించాడన్న అభియోగం మీద రోస్కియుస్ అనే పల్లెటూరి ఆసామి విచారణలో ఉన్నాడు. ఆ తండ్రి ఆస్తి విలువ 60 లక్షల సెస్టర్సులు, అంటే రోమన్ నాణేలు. దాన్ని రోమ్ నియంత సుల్లా అండ చూసుకుని క్రిసోగొనుస్ అనేవాడు 2 వేలకు కొన్నానంటున్నాడు. రోస్కియుస్ తరఫున సిసిరో లేచి న్యాయమూర్తులతో అన్నాడు కదా, రాత్రింబవళ్లు తన మనసును పొడుస్తున్న స్క్రూపులుస్‌ను పీకిపారేయమని క్రిసోగొనుస్ మిమ్మల్నే అడుగుతున్నాడని! ఏమిటా రాయి? అసలు వారసుడు రోస్కియుస్ ఇంకా బతికి ఉండటం. చివరికి రోస్కియుస్ నిర్దోషిగా బయటపడ్డాడు.

చూశారా, రాయి గుచ్చుకున్నది ఆస్తి కాజేసినవాడికి! ఇంగ్లీషులో 'స్క్రూపుల్స్' ఉన్నాయంటే నీతీ నియమం ఉన్న మనిషని. ఆ పెద్దరికం తరవాత వచ్చింది. నాకైతే పాత అర్థమే నచ్చుతుంది. నొప్పి పుట్టినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు కదా.

ఇదే మాట తూకంలోనూ ఉంది, ఔన్సులో 24వ వంతు. మన గురివింద గింజ లేదూ, కంసాలి తక్కెడలో తూకం, సామెతలో తన నలుపెరగనిది!

ఇక మరీ చిన్న రాయి సంగతి. జెసూట్ క్రైస్తవ సంఘాన్ని స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ 1522లో స్పెయిన్‌లోని మన్‌రేసా ఊళ్లో, గురువు దగ్గర ఒప్పుకున్న పాపాలనే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటూ నలిగిపోయాడు. తరవాత ఆయనే ఒక ఉదాహరణ రాశాడు. దారిలో రెండు గడ్డిపరకలు శిలువలా పడి ఉంటే ఒకడు చూసుకోకుండా తొక్కాడు. పాపం చేశాననీ అనిపిస్తుంది, చేయలేదనీ అనిపిస్తుంది. ఆ ఊగులాటనే ఆయన స్క్రూపుల్ అన్నాడు. తొక్కింది గడ్డిపరకనేనండోయ్.