మంచు పడి దారి మూసుకుపోతే, అమ్మకానికి పెట్టిన ఇంటిని ఫోనుతో చూపించడం ఎలా?

నమస్కారం. ఇల్లు అమ్మకానికి పెట్టారు. చూడటానికి ఆదివారం వస్తామన్నారు. శనివారం రాత్రి మంచు దంచికొట్టింది. పొద్దున లేచి చూస్తే గేటు సగం కనిపించడం లేదు, రోడ్డు ఎక్కడుందో తెలియడం లేదు. పల్లెలో ఇల్లు కాబట్టి దారి తెరుచుకోవడానికి పెద్ద రోడ్ల తర్వాతే మన వంతు. అంతవరకు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ఇంటిని వాళ్ళ దగ్గరికి పంపిద్దాం. ఫోను చాలు. ఈ వీడియోలో అదే చూపిస్తాను.

మొదట సెట్టింగ్స్. ఇది గబగబా చెప్పేస్తాను. సెట్టింగ్స్, కెమెరా, వీడియో రికార్డింగ్. ఇదిగో, ఇక్కడ. 1080, 30 ఫ్రేములు. ఒక మెట్టు వెనక్కి, కెమెరా పేజీలోకి వస్తే గ్రిడ్ ఉంటుంది, ఆన్ చేయండి. తెర మీద అడ్డం, నిలువు గీతలు వస్తాయి. ఫోను అడ్డంగా పట్టుకోండి. లెన్స్ తుడవండి. చొక్కా అంచుతో అయినా సరే, తుడవండి. అంతే, సెట్టింగ్స్ అయిపోయాయి.

1080 కన్నా ఎక్కువ స్పష్టత ఉండే 4కె పెట్టమని ఎందుకు అనలేదో మాత్రం చెప్పాలి. ఐఫోనులో ఈ సెట్టింగు కిందే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది చూడండి. 1080లో 30 ఫ్రేములకు నిమిషానికి సుమారు 60 మెగాబైట్లు, 4కెలో 30 ఫ్రేములకు సుమారు 170. నాలుగు నిమిషాల వీడియో అనుకోండి. ఒకటి 240, రెండోది 680. పల్లెలో, అందులోనూ ఇంత మంచులో, అప్‌లోడ్ వేగం సెకనుకు ఒక మెగాబిట్, అంటే మెగాబైటులో ఎనిమిదో వంతు, దొరికినా గొప్పే. ఆ లెక్కన మొదటిది అరగంట దాటాక వెళ్తుంది. రెండోదానికి గంటన్నర. మధ్యలో ఒక్కసారి లైను తెగితే మళ్ళీ మొదటికి రావచ్చు. చూసేవాళ్ళు ఎలాగూ ఫోనులోనే చూస్తారు, వాళ్ళకు 1080 ధారాళంగా సరిపోతుంది.

ఇల్లు సర్దడం గురించి నేను చెప్పను, అది మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం. గోడ మీద కుటుంబం ఫొటోలు, ఫ్రిజ్ మీద అంటించిన బిల్లులు, బల్ల మీద ఉత్తరాలు, ఇవన్నీ తీసేయండి. వీడియో ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో మనకు తెలియదు.

ఇప్పుడు వెలుతురు. కర్టెన్లన్నీ తీసేయండి. దీపాలు ఆర్పేయండి. అవును, ఆర్పేయమనే అంటున్నాను. ఏజెంట్లలో చాలామంది అన్నీ వెలిగించమంటారు, మామూలు రోజుల్లో అది మంచి సలహానే. మంచు పడ్డ రోజు లెక్క వేరు. కొత్తగా పడ్డ మంచు తన మీద పడ్డ వెలుతురులో 80 నుంచి 90 శాతం దాకా తిప్పి కొడుతుంది. అదిగో, ఈ గది పైకప్పు చూడండి. కిటికీ పక్కన నేల కన్నా పైకప్పే తెల్లగా మెరుస్తోంది, చూశారా? వెలుతురు కింద నుంచి పైకి వస్తోంది. మామూలు రోజుల్లో ఈ మూల చీకటిగా ఉంటుంది, ఇప్పుడు అక్కడ గోడ మీద సున్నం గరుకు కూడా కనిపిస్తోంది. ఇలాంటి వెలుతురు డబ్బు పెట్టినా దొరకదు. పసుపు బల్బులు వెలిగిస్తే ఏమవుతుందంటే, బల్బు వెలుతురు పసుపుగా, కిటికీ వెలుతురు నీలంగా, రెండూ కలిసి గోడలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. కిటికీ లేని గదుల్లో మాత్రం వెలిగించండి. స్నానాల గది, సామాన్ల గది, అంతే.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఈ వీడియో మొత్తంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. నాకు చుక్కలు చూపించింది ఇదే.

గది గుమ్మంలో నిలబడి కెమెరా కిటికీ వైపు పెట్టాను. చూడండి. కిటికీ బాగుంది, గది మాత్రం గుహలా నల్లబడిపోయింది. ఇప్పుడు పక్కకు తిప్పుతున్నాను... గది తేలింది, గోడలు వచ్చాయి. మళ్ళీ కిటికీ వైపు... మళ్ళీ చీకటి. ఫోను పాడై ఇలా జరగడం లేదు. ఎదురుగా కనిపించేదంతా సగటున మధ్యస్థమైన బూడిద రంగు వెలుతురులో ఉంటుందని కెమెరా అనుకుంటుంది. కిటికీలోంచి అంత మంచు కనబడగానే, ‘అమ్మో, వెలుతురు ఎక్కువైంది’ అని మొత్తం తగ్గించేస్తుంది. మీరు గదిలో నడుస్తుంటే కిటికీ వచ్చినప్పుడల్లా తగ్గిస్తుంది, పోయినప్పుడల్లా పెంచుతుంది. చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. అంతకన్నా నష్టం, ఈ ఇంట్లోకి వెలుతురు రాదు అనుకుంటారు. నిజానికి వెలుతురు ఎక్కువై వచ్చిన తిప్పలు ఇవి!

దీనికి మందు ఎక్స్‌పోజర్ లాక్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు మోతాదు మారకుండా బిగించేయడం. నెమ్మదిగా చూడండి. ముందు వీడియో మోడ్‌లోకి వెళ్ళండి. ముందు మోడ్, తర్వాత లాక్. ఫొటో మోడ్‌లో లాక్ చేసి వీడియోలోకి మారితే ఆ లాక్ పోతుంది, అందుకే ఈ వరుస. వీడియో మోడ్‌లో ఉన్నాం కదా. ఇప్పుడు కెమెరాను కిటికీ వైపు కాకుండా గది లోపలి గోడ వైపు తిప్పండి. బాగా చీకటి మూల వద్దు, బాగా వెలుగున్న చోటు వద్దు, మధ్యరకం గోడ. ఆ గోడ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకోండి. పట్టుకోండి... పట్టుకోండి... అదిగో, పైన పసుపు రంగులో ఏఈ ఏఎఫ్ లాక్ అని వచ్చింది. ఇప్పుడు వేలు తీయవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి కూడా ఇంతే, అక్కడ చిన్న తాళం బొమ్మ కనిపిస్తుంది. పక్కన సూర్యుడి బొమ్మ ఉంది చూడండి, దాన్ని పైకి జరిపితే వెలుతురు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. రవ్వంత కిందికి.

ఇప్పుడు తిప్పుతున్నాను. గోడ, మంచం, బీరువా, కిటికీ. చూశారా? కిటికీ తెల్లగా అయిపోయింది, బయట ఏమీ కనిపించడం లేదు. పర్వాలేదు. మనం గదిని చూపిస్తున్నాం, గది ఎక్కడా మారలేదు. కిటికీలోంచి కనిపించే దృశ్యం వేరే క్లిప్‌గా తీద్దాం.

ఇంకో మాట. ఒక గదిలో వేసిన లాక్ పక్క గదికి పనికిరాదు. వెలుతురున్న గదిలో లాక్ వేసి అలాగే నడవలోకి వెళ్తే నడవ నల్లగా వస్తుంది. అందుకే గదికో క్లిప్. గుమ్మం దగ్గర ఆపండి, లోపలికి వెళ్ళండి, మళ్ళీ లాక్ చేయండి, మళ్ళీ మొదలుపెట్టండి. ఇల్లంతా ఒకే ఊపులో నడుస్తూ తీస్తే గొప్పగా ఉంటుందనిపిస్తుంది, కానీ ఈ వెలుతురులో కుదరదు. వీలైతే కిటికీకి వీపు పెట్టి నిలబడి మొదలుపెట్టండి. ఫోను ఛాతీ ఎత్తులో, తలుపు అంచు గ్రిడ్ గీతకు సమాంతరంగా. నెమ్మదిగా తిప్పండి, మీకు విసుగు పుట్టేంత నెమ్మదిగా.

పాయింట్ ఫైవ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్ గురించి అడుగుతారు, నాకు తెలుసు. నాకు ఇష్టం ఉండదు. గది మైదానంలా కనిపిస్తుంది, మంచం పడవలా సాగిపోతుంది. కొనేవాళ్ళు వచ్చి చూసి ‘ఇంతేనా’ అంటారు. స్నానాల గదిలో వెనక్కి జరగడానికి చోటు ఉండదు కాబట్టి అక్కడ వాడుకోండి.

తీస్తున్నప్పుడు తక్కువ మాట్లాడండి. ‘ఇది వంటగది’ అనక్కర్లేదు, పొయ్యి కనిపిస్తోంది కదా. కనిపించనిది చెప్పండి. ఈ కిటికీ తూర్పుకు ఉంది, ఈ గోడ వెనక నీటి పైపులు ఉన్నాయి, ఇలాంటివి.

మంచు రోజున తప్పకుండా తీయాల్సిన క్లిప్ ఒకటుంది. కిటికీ బయట ఒక థర్మామీటర్, లోపల ఒక థర్మామీటర్. రెండూ ఒకే షాట్‌లో. ముందు బయటిది దగ్గరగా, అక్కడే కట్ చేయకుండా లోపలిది. ఆ వెంటనే హీటర్ దగ్గరికి, తర్వాత వేడినీళ్ళ కుళాయి తిప్పి ఆవిరి వచ్చేదాకా. కొనేవాళ్ళు ఎండాకాలంలో వచ్చి ఉంటే ఇది చూడగలిగేవారా? ఇంత చలిలో ఈ ఇల్లు ఎలా ఉంటుందో చూపించే అవకాశం ఇప్పుడే ఉంది.

హీటర్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. కెమెరా పట్టుకుని తిరగడం మొదలుపెట్టే ముందు, గోడలోంచి బయటికి వచ్చే పొగగొట్టం, గాలి గొట్టం మంచులో కూరుకుపోయాయేమో చూడండి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి తిరిగి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కరెంటు పోయి జనరేటర్ పెడితే బయటే పెట్టండి, తలుపులకు, కిటికీలకు దూరంగా. కారు షెడ్డులో కూడా వద్దు, షెడ్డు తలుపు తెరిచి ఉన్నా వద్దు.

ఇప్పుడు బయటికి. బ్యాటరీ నిండా ఉందా? చలిలో అది కళ్ళముందే పడిపోతుంది. లిథియం బ్యాటరీలకు చలి పడదు. ఐఫోను వాడకానికి ఆపిల్ చెప్పే ఉష్ణోగ్రతే సున్నా నుంచి 35 డిగ్రీలు. కాబట్టి ఫోను కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి. బయటికి తీయడం, తీసింది చూడకుండా మళ్ళీ లోపల పెట్టడం. చూసుకోవడం ఇంట్లోకి వచ్చాక. చేతి తొడుగులు విప్పకుండా రికార్డ్ చేయాలంటే వాల్యూమ్ బటన్ నొక్కండి, అదే రికార్డ్ బటన్. నాకు బాగా నచ్చిన కిటుకు ఇది, మంచు లేనప్పుడు కూడా ఇలాగే తీస్తాను.

మంచు తెరమీద ఎలా ఉంది? బూడిద పోసినట్టు, మురికిగా. ఇందాక చెప్పిన కారణమే. అన్నిటినీ బూడిద రంగుకు దించేస్తోంది కెమెరా. నొక్కి పట్టుకుని లాక్ చేశాను. సూర్యుడి బొమ్మ పైకి... ఇంకొంచెం... అదిగో, తెలుపు. ఆపేయండి. ఇంకా పైకి వెళ్తే మంచు మీద ఉన్న గీతలు, పిట్టల అడుగులు అన్నీ చెరిగిపోయి తెల్ల కాగితం అవుతుంది. ఆ అడుగులు కనిపించేంత వరకే. ఎక్స్‌పోజర్ అంకెలు చూపించే కెమెరా మీ దగ్గర ఉంటే, ప్లస్ ఒకటి నుంచి ప్లస్ రెండు మధ్య. నీడలో ఉన్న మంచు నీలంగా వస్తే కంగారు పడకండి, దాని మీద పడేది నీలాకాశం వెలుతురే.

ఇప్పుడు ఇంటిపైకప్పు. చూరు కింద నిలబడకండి, మంచు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. దూరం నుంచి, మొత్తం కప్పు కనిపించేలా తీయండి. చలి ప్రాంతాల్లో ఇళ్ళు కొన్నవాళ్ళు మొదట చూసేది ఇదే. మంచు అంతటా ఒకే మందంలో నిలిచి ఉంటే, ఇంట్లో వేడి అటకలోకి కారడం లేదనే అర్థం. వేడి గది పైన మాత్రమే కరిగి, కింద చూరుకు లావుపాటి మంచు కడ్డీలు వేలాడుతుంటే, వేడి పైకి పోతోందని అనుమానించాలి. పైన కరిగిన నీళ్ళు చల్లటి అంచు దగ్గరికి వచ్చి మళ్ళీ గడ్డకడతాయి, ఆ గడ్డ వెనక నీళ్ళు నిలిచి పెంకుల కిందికి వెళ్తాయి. ఎండ తగిలే వైపు, పొగగొట్టం చుట్టూ ముందే కరగడం మాత్రం మామూలే. మీ కప్పు బాగుంటే ఈ షాట్ పది మాటల పెట్టు. బాగోలేకపోతే? అది కూడా తీయండి. మంచు కరిగాక వాళ్ళు ఇన్‌స్పెక్టర్‌ను తెచ్చుకున్నప్పుడు ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు బేరం ఇంకా కిందికి వెళ్తుంది.

లోపలికి వచ్చేటప్పుడు, గుమ్మం బయటే ఫోనును జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి మూసేయండి. గది వేడికి వచ్చేదాకా తెరవద్దు. లేకపోతే చల్లటి ఫోను మీద గదిలోని తేమ నీళ్ళై పేరుకుంటుంది, లెన్స్ లోపల కూడా. వేడెక్కకముందే చార్జింగ్ పెట్టడం కూడా వద్దు, గడ్డకట్టే చలిలో చార్జింగ్ బ్యాటరీని శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

ఎడిటింగ్ గురించి పెద్దగా లేదు. ముందూ వెనకా కత్తిరించండి, వరుసగా అతికించండి, ఇలా, ఇలా, ఇలా. పాట వద్దు. క్లిప్‌కూ క్లిప్‌కూ మధ్య పేజీ తిప్పే బొమ్మలు అసలే వద్దు. చివర మాత్రం ఒకటి కలపండి. మంచు లేనప్పుడు తీసిన పాత ఫొటోలు. ఫోనులో పైకి వెళ్ళి వెతకండి, పిల్లలు పెరట్లో ఆడుతున్నవో, తోట పనివో ఉంటాయి. మనుషులను కత్తిరించి, పెరడు, కంచె, దారి, మురుగు తొట్టి మూత ఉన్న చోటు, పైకప్పు పెంకులు కనిపించేలా ఉంచండి. ప్రతి ఫొటో మీద ఏ నెల, ఏ సంవత్సరమో వేయండి. మంచు ఇంటికి అందం తెస్తుంది, నిజమే, కానీ స్థలంలో సగం దాచేస్తుంది కూడా. దాన్ని మీరే ముందు ఒప్పుకుంటే మిగతా మాటలు కూడా నమ్ముతారు.

పంపడం. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెట్టి లింక్ పంపండి, లింక్ ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు వెళ్తుంది. రాత్రి పడుకునే ముందు అప్‌లోడ్ పెట్టేయండి, లైను ఖాళీగా ఉంటుంది.

లింక్ కింద కొన్ని ముక్కలు రాయండి. ఏ రోజు తీశారు, బయట ఎంత చలి, మంచు ఎంత మందం, దాని కింద కనిపించకుండా ఉన్నవేమిటి, కరిగాక వాటిని ఎలా చూపిస్తారు. నేను రాసింది తెర మీద పెడుతున్నాను. ఇక్కడ ఆపి చదువుకోండి, కావాలంటే అంకెలు మార్చి అలాగే వాడుకోండి.